మొదటి దెబ్బ దేవుడిది

భీమడోలు స్టేషన్లో పాసింజరు రెండు గంటలు లేటన్నారు. నాకు పండగే. బెంచీ మీద నలుగురు దొరికారు. కొల్లేట్లో మా మేనమామ పట్టిన కొర్రమీను పడవకంటే పొడుగై, చివరికి పడవనే చేప మీద ఎక్కించుకుని ఒడ్డుకి తెచ్చుకున్న సంగతి మొదలెట్టాను. చేప సగం దూరం వచ్చేసరికి ఎవరో వెనకనుంచి భుజం మీద చెయ్యేశారు. సూరన్న. ఒకప్పుడు మా బోరింగు జట్టులో తాడు లాగినవాడు.

“మీరు మారరండీ బాబూ,” అన్నాడు. ఆ వెంటనే, అదే గొంతుతో, “సార్ పోయారంట కదండీ,” అన్నాడు.

“ఏ సార్?”

“మనకెంతమంది సార్లున్నారండీ! మట్టి తినే సార్.”

నెల దాటిందట. కాకినాడలో, కూతురింట్లో, మధ్యాహ్నం భోంచేసి కునుకు తీసి మళ్ళీ లేవలేదట. సూరన్నకి కూడా ఎవరో బోరింగు కంట్రాక్టరు దగ్గర మాటల్లో తెలిసింది. మాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఎందుకు తోస్తుంది? ఆయనకి మేం ఏమవుతాం? ఏడాదిన్నర ఎండలో ఆయన చుట్టూ తిరిగిన ఆరుగురు కూలీలం.

“తర్వాతేమైందండీ చేప?” అని బెంచీ చివరాయన అడిగాడు.

“చచ్చిపోయిందండి,” అని లేచి ప్లాట్‌ఫారం చివరికి వెళ్ళి నిలబడ్డాను.

ఆయన పేరు రాయను. ఆయన గీసిన మ్యాపు మీదే లేదు ఆ పేరు, నా కాగితం మీద ఉంటే ఏం, లేకపోతే ఏం. ఎక్కడ పుట్టారో, ఎక్కడ చదివారో నాకు తెలీదు. అడిగితే, “నాది అంతా పైపొరేనండి, తవ్వితే ఏమీ రాదు,” అనేవారు. నాకు తెలిసిందల్లా, మట్టిని నోట్లో పెట్టుకునేవారని.

నిజంగానే పెట్టుకునేవారు. నేను చెప్పేవాటిలో నమ్మదగ్గవి తక్కువ కాబట్టి ముందే చెబుతున్నాను, అనుమానమైతే సూరన్నని అడగండి. బోరులోంచి మట్టి పైకి రాగానే వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, ఆవగింజంత పంటి కింద పెట్టుకుని కొరికేవారు. కరకరలాడితే ఒక రకం, వెన్నలా జారితే ఒక రకం. ఉమ్మేసి, రుమాలుతో మూతి తుడుచుకుని, పుస్తకంలో రాసుకునేవారు. బంకమట్టిని ‘ఆవిడ’ అనేవారు. ఇసకని ‘వాడు’ అనేవారు.

“ఆవిడ నెమ్మదస్తురాలండి. నెత్తిన ఇల్లు పెట్టినా కొంచెం కొంచెంగా కుంగుతుంది, గోడలో బీటలిచ్చి ముందే చెబుతుంది. వీడలా కాదు. నీళ్ళలో నానుతూ కింద ఎక్కడో నక్కి ఉంటాడు. వందేళ్ళు పల్లెత్తు మాటనడు. భూమి ఒక్క నిమిషం ఊగిందనుకోండి, మీరెవరో నాకు తెలీదంటాడు.”

ఆ ‘వాడు’ ఎక్కడెక్కడ నక్కి ఉన్నాడో కనిపెట్టడమే మా పని. గుజరాత్‌లో భూమి కదిలి ఊళ్ళకి ఊళ్ళు పోయాక, మన ఊళ్ళ కింద ఏముందో కూడా చూద్దామని పైన ఎవరికో బుద్ధి పుట్టింది. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా, ఇటు కొల్లేటి అంచుల దాకా అక్కడక్కడ బోర్లు వేసి మ్యాపు గియ్యాలి. నేల గట్టిదైతే ఆకుపచ్చ. అనుమానమైతే పసుపు. ఊపుకి నీళ్ళయిపోయేదైతే ఎరుపు.

నేల నీళ్ళవడమేమిటని అందరూ అడిగేవారు. దానికి ఆయన దగ్గర ఉపన్యాసం లేదు, టిఫిను క్యారేజీ ఉంది. కింది గిన్నెల్లో భోజనం, పై గిన్నెలో తడి ఇసక. టీ కొట్టు కనపడితే చాలు, ఆ పై గిన్నె బల్ల మీద పెట్టి, ఇసక మీద ఇటుక ముక్క నిలబెట్టేవారు. “ఇది మీ మేడండి. నిలబడిందా? గట్టిగా ఉందా?” ఉందనేవారంతా. అప్పుడు చెంచాతో గిన్నె పక్కన టకటకా కొట్టేవారు. ఇసకలోంచి నీళ్ళు పైకి ఊరేవి. ఇటుక ముక్క ఓ పక్కకి ఒరిగి, ఎవరో కాళ్ళు పట్టి లాగినట్టు లోపలికి దిగిపోయేది.

ఒకసారి కొల్లేటి పక్క ఊళ్ళో ఒకావిడ, “ఏవండీ, మళ్ళీ ఓసారి ముంచండి, మా ఆయన చూళ్ళేదు,” అంది. ఆయన మళ్ళీ ముంచారు. ఆ ఆయనొచ్చి, వాళ్ళన్నయ్యని పిలిచాడు. ఆరుసార్లు ముంచారు. ఆఖర్న ఎవరో పెద్దాయన, గారడీ అనుకున్నాడో ఏమో, గిన్నెలో రూపాయి బిళ్ళ వేశాడు. ఈయన కోప్పడలేదు. అదీ మునిగేదాకా చెంచాతో కొట్టి చూపించారు.

ఎవరింటికి వెళ్ళినా వెంటనే కూచునేవారు కాదు. ముందు అరుగు చివరికి పోయి, మెట్టుకీ గోడకీ మధ్య సందు ఉందేమోనని వంగి చూసేవారు. ఇంటివాళ్ళు ఏదో పోయిందేమోనని వాళ్ళూ వంగి వెతికేవారు.

నేను ఆయన దగ్గర చేరడం నా గొంతు వల్ల. మా నాన్న కళ్ళాల్లో ధాన్యం కొలిచేవాడు. నేనూ పెళ్ళయ్యేదాకా కుంచం పట్టినవాణ్ణే. తర్వాత తాడేపల్లిగూడెం మిల్లుల్లో పనికి చేరాను. కరెంటు కాటాలొచ్చి అంకె అదే చూపిస్తుంటే, నోటితో అరిచి లెక్కపెట్టేవాడి అవసరం ఎవరికీ లేకపోయింది. ఆయనకి ఉంది. ఎన్నో ఏళ్ళు పునాదుల గుంజలు దిగ్గొట్టే యంత్రాల పక్కన నిలబడి ఎడమ చెవి పోగొట్టుకున్నారు. ఎంత ఎండలోనైనా లెక్క తప్పకుండా, కుడి చెవికి అందేలా అరిచే మనిషి కావాలన్నారు. కొలత వాళ్ళ గొంతు సంగతి తెలిసినవాళ్ళెవరో నన్ను చూపించారు. “మేం ఒకటి అనమండి, లాభం అంటాం,” అని మొదటిరోజే చెప్పాను. “అనండి. లాభమంటే ఒకటని రాసుకుంటాను,” అన్నారు.

పని చూస్తే చిన్నదే. మూడు కాళ్ళ ఇనప స్టాండు. దాని మధ్యన ఇనప కడ్డీ. ఓ మనిషంత బరువున్న సుత్తిని తాడుతో పైకి లాగి, కొలిచిన ఎత్తునుంచి కడ్డీ నెత్తిన వదలాలి. కడ్డీ మీద అరడుగుకొకటి చొప్పున మూడు సుద్ద గీతలు. ఒక్కో గీత దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో అదే లెక్క. మొదటి గీత పారేసి, తర్వాతి రెండు గీతల దెబ్బలూ కలుపుతారు. ఎక్కువ దెబ్బలు తింటే గట్టి నేల, తక్కువైతే మెత్తన. చింతలపూడి వైపు మెరక మీద ఓసారి వేస్తే యాభై కొట్టినా కడ్డీ కదల్లేదు, సూరన్న అరచేతులు బొబ్బలెక్కాయి. కొల్లేటి పక్కనైతే సుత్తిని ఇలా పెట్టగానే కడ్డీ అలా సొంతంగా దిగిపోయిన చోట్లూ ఉన్నాయి. మ్యాపులో ఏ రంగు పడాలన్నా నా నోట్లోంచి వచ్చిన అంకె మీదే పడాలి. నా మీద అంత బరువు అంతకుముందు ఎవరూ పెట్టలేదు, తర్వాతా పెట్టలేదు.

నేను లెక్క అరిచేటప్పుడు ఆయన నాకు వీపు పెట్టి, పెద్ద నల్ల గొడుగు కింద కూచుని, అంతకుముందు వచ్చిన మట్టి చూసుకుంటూ ఉండేవారు. చెయ్యి మాత్రం రాసుకుపోయేది.

సుత్తి చప్పుడుకి జనం మూగేవారు. “ఏం వేస్తున్నారండీ?” అనేవారు. ఉన్నది చెబితే ఎవరికి ఎక్కుతుంది? ఒక ఊళ్ళో కిరసనాయిలు పడుతుందన్నాను. ఇంకో ఊళ్ళో కొల్లేటి అడుగున మునిగిపోయిన కోట ఉందనీ, దాని సింహద్వారం గడియ మా కడ్డీకి తగిలి ఖంగుమందనీ చెప్పాను. పెద్దవాళ్ళు పసుపు కుంకాలు తెచ్చారు. గొడుగు కిందనుంచి ఆయన తల తిప్పకుండానే అడిగారు:

“ఆ గడియ ఎంత లోతులో తగిలిందండి?”

“పదకొండు మీటర్లండి.”

“అక్కడ ఆవిడుందండి, అంత బరువు నిలవదు. పద్నాలుగని చెప్పండి.”

నేను తిన్నగా పద్నాలుగుకి మార్చాను. సాయంత్రం బస్సులో, “అబద్ధమైనా సరైన పొరలో ఉండాలండి,” అన్నారు. అంతే. నా కథల మీద ఆయన చేసిన విమర్శ అదొక్కటే. మా ఆవిడ చేసిన విమర్శలన్నీ కలిపినా దానికి సరిపోవు.

ఏలూరికి దక్షిణాన, కొల్లేటి వైపు పోయే రోడ్డు పక్కన పాత చేపల చెరువొకటి ఉండేది. కొల్లేట్లో చెరువుల గట్లు కొట్టేస్తారన్న మాట పుట్టగానే, దాని తాలూకు పెద్దమనిషి ముందే జాగ్రత్తపడ్డాడు. పైపులు పెట్టి నీళ్ళతో సహా ఇసక తోలించి చెరువు పూడ్పించేశాడు. అక్కడ పేదవాళ్ళకి ఇళ్ళ స్థలాలిచ్చి కాలనీ కట్టించాలని నిశ్చయమైంది. రెండొందల కుటుంబాలు. జాబితాలో మా ఆవిడ పేరు కూడా ఉంది. ఆ పెద్దమనిషిని అందరం ప్రెసిడెంటు గారనే వాళ్ళం. దేనికి ప్రెసిడెంటో నేనడగలేదు.

అక్కడ మూడు బోర్లు వేశాం. నేను “లాభం” అనేసరికి గీత దిగిపోయేది, రెండో మాటకి చోటుండేది కాదు. ఆయన ఆ మట్టి నోట్లో కూడా పెట్టుకోలేదు. అరచేతిలో పోసుకుని ఊపి చూపించారు. తడి ఇసక ఒక్కసారి మెరిసి, పలచబడింది. “చూశారా, వాడే. పైగా కొత్తగా వచ్చాడు. ఇంకా ఎవరితోనూ సరిగ్గా కూచోలేదు,” అన్నారు.

మ్యాపు మీద ఆ చోటు ఎర్రబడ్డదని తెలిసిన మూడోరోజు ప్రెసిడెంటు గారు స్వయంగా వచ్చారు. చాలా మర్యాదస్తుడు. అందరికీ కొబ్బరిబొండాలు కొట్టించాడు.

“ఏవండీ ఇంజనీరు గారూ, ఆ ఎరుపు కాస్త తగ్గించరాదండీ? గులాబీరంగు వేసినా బాగానే ఉంటది.”

“రంగు నాది కాదండి. మట్టిదండి.”

“మట్టి మాదే కదండీ. మేమే కదా పోయించాం.”

“అందుకేనండి ఎరుపు.”

ప్రెసిడెంటు గారు పకపకా నవ్వాడు. ఆ వారం నుంచి సార్‌కి ఏలూరు లాడ్జీల్లో గది దొరకలేదు. జీపుకి డ్రైవరు లేడన్నారు. ఆయన తాడేపల్లిగూడెంలో గది తీసుకుని రోజూ బస్సులో వచ్చేవారు, కడ్డీల మూట ఒళ్ళో పెట్టుకుని. పై ఆఫీసు నుంచి ఫోన్లు వచ్చేవి. ఫోను ఎడమ చెవికి పెట్టుకుని, “అలాగేనండి, అలాగేనండి,” అనేవారు. ఆ చెవి వినపడదని మాకు తెలుసు, వాళ్ళకి తెలీదు.

ఆ మ్యాపు ఖాయమైతే చెరువు మీద ఇళ్ళు కట్టరు, రెండొందల కుటుంబాలకీ వేరే చోట స్థలం చూడాల్సిందే. “మా ఆవిడ పేరు కూడా ఉందండి అందులో,” అని నేను చెప్పాను. “అయితే ఇంకా జాగ్రత్తగా లెక్కపెట్టండి,” అన్నారు.

లెక్కపెట్టాను. మా నాన్న మీద ఒట్టు, నా జన్మలో అంత నిజాయితీగా ఏ పనీ చెయ్యలేదు.

ఆఖరి బోరు తమ్మిలేటి గట్టు కింద. మధ్యాహ్నం గాలి లేచింది. ఆయన గొడుగు ఎగిరిపోయి నా వెనక పడింది. దానికోసం లేచి, ఏడాదిన్నరలో మొదటిసారి, మా వైపు తిరిగారు.

సూరన్న సుత్తి వదిలాడు. ధన్‌మంది. నేను నోరు మెదపలేదు. మళ్ళీ వదిలాడు.

“లాభం!”

మళ్ళీ.

“రెండూ!”

“ఆపండి,” అన్నారాయన. గొడుగు దొర్లుకుంటూ ఏట్లోకి పోతోంది. దానివైపు చూడలేదు. “సుత్తి మూడుసార్లు పడింది. మీరు రెండన్నారు.”

“అవునండి.”

“మొదటిదో?”

“మొదటిది దేవుడిదండి.”

ఆయనకి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పాను. కళ్ళంలో కొలత మొదలెట్టేటప్పుడు మొదటి కుంచం పక్కన పోసేస్తాం. అది దేవుడి వాటా. అది లెక్కలోకి రాదు. దాని తర్వాతదే లాభం. మా తాత అలాగే కొలిచాడు, మా నాన్న అలాగే కొలిచాడు. దేవుడికి తియ్యకుండా లెక్క మొదలెట్టడం మా ఇంటావంటా లేదు.

“ఈ ఒక్క బోరులోనేనా?”

“అన్నిట్లోనండి.”

“బోరు మొదట్లో ఒక్కసారా?”

“గీతకోసారండి. ప్రతి గీతా కొత్త రాశే కదండీ.”

ఆయన కడ్డీల కుప్ప మీద కూచున్నారు. సూరన్న తాడు వదలకుండా, సుత్తి గాల్లోనే పెట్టుకుని నిలబడిపోయాడు. నేను సార్‌కి నీళ్ళిచ్చాను. తాగలేదు, గ్లాసు పట్టుకుని నవ్వడం మొదలెట్టారు. నన్ను ఒక్క మాట తిట్టి ఉంటే బాగుండేది.

“ఏడాదిన్నర మీకు వీపు పెట్టి కూచున్నానండి,” అన్నారు. “తప్పు మీది కాదు. వీపుది.”

“ఎవరికి తెలుస్తుందండీ?” అన్నాను. “మీకు తెలుసు, నాకు తెలుసు, దేవుడికి తెలుసు. ఆయన వాటా ఆయనకి ముట్టింది కాబట్టి ఆయన చెప్పడు. సూరన్న ఎవరికి చెబుతాడు?”

“ప్రతి లోతులోనూ రెండు దెబ్బలు తక్కువ రాశానన్నమాట. రెండు కలిపితే కొన్ని ఎరుపులు పసుపవుతాయి. కొన్ని పసుపులు ఆకుపచ్చవుతాయి.”

“చెరువో?”

“చెరువు మారదండి. రెండు కాదు, మూడు కలిపినా ఎరుపే.”

“మరి చెప్పడమెందుకండీ, మారనిదానికి?”

“మిగతావి మారతాయి కదండీ. లేని ఎరుపు పూసి ఒకడి ఇల్లు పనికిరాదని చెప్పడానికి నేనెవణ్ణి?”

తర్వాత చాలాసార్లు అనుకున్నాను. ఆ గట్టు కింద, ఆయన ‘మొదటిదో?’ అని అడిగినప్పుడు, “అది మనసులో కలుపుకుంటానండి, మీకు కలిపే చెబుతున్నాను,” అని ఉంటే సరిపోయేది. ఆయన నమ్మేవారు. పడవంత చేపల్ని, చెరువడుగు కోటల్ని పుట్టించిన నోరు ఇది. కావలసిన ఆ ఒక్క క్షణంలో దీనికి ఒక్క అబద్ధం రాలేదు.

ఆయన రెండు వారాలు గది తలుపు వేసుకుని మొత్తం లెక్కంతా మళ్ళీ వేశారు. మ్యాపు మళ్ళీ గీశారు. పైవాళ్ళకి ఉత్తరం రాసి, నన్ను పిలిచి చదివి వినిపించారు. మొదటి వాక్యం: దెబ్బల లెక్కింపులో మా వల్ల పొరపాటు జరిగినది.

“సార్, ఆ వాక్యం చివర పెట్టండి. వాళ్ళు మొదటి వాక్యమే చదువుతారు.”

“తప్పు ముందు చెప్పుకోవాలండి. లేకపోతే దాచినట్టుంటుంది.”

ఏలూరులో మీటింగు పెట్టారు. పొడుగు బల్ల. ఒక చివర ఆఫీసరు గారు, పక్కన ప్రెసిడెంటు గారు, ఇంకా ఎవరెవరో. ఈయన ఇటు చివర, మ్యాపు చుట్ట ముందు పెట్టుకుని కూచున్నారు. అవసరమైతే పిలుస్తామని నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టారు. ఆఫీసరు గారు ఉత్తరం తీసి మొదటి వాక్యం చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“లెక్కపెట్టిందెవరండీ?”

ఈయన నన్ను చూపించారు.

“ఇతనా!” అన్నాడు ప్రెసిడెంటు గారు, లేచినంత పని చేసి. “అయ్య బాబోయ్, ఇతని మేనమామే కదండీ చేప మీద పడవ ఎక్కించుకొచ్చింది! మా రొయ్యల లారీ డ్రైవర్లందరికీ ఈ కథ వచ్చండి!”

గది గదంతా నవ్వింది. ఆఫీసరు గారు నవ్వారు. టీ గ్లాసులు పట్టుకొచ్చిన అటెండరు గ్లాసులు ఒలక్కుండా గోడకి ఆనుకుని మరీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఏం చెప్పను, అలవాటు. నా కథకి ఎవరు నవ్వినా నాకు నవ్వొస్తుంది.

ప్రెసిడెంటు గారు కూచున్నది సార్‌కి ఎడమవైపు. ఆ మాట ఆయనకి వినపడలేదు. అందరూ ఎందుకు నవ్వుతున్నారో తెలీక, తెలుసుకుందామని నా వైపు చూశారు. నేను పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాను.

“సవరించిన అంకెలు రెండో పేజీలో ఉన్నాయండి,” అన్నారు, నవ్వు తగ్గాక. “చెరువు దగ్గర ఏమీ మారలేదండి. దయచేసి రెండో పేజీ—”

“ఒకచోట తప్పని తేలాక ఇంకోచోట ఒప్పని ఎలా అనుకుంటామండీ?” అన్నారు ఆఫీసరు గారు, చాలా సౌమ్యంగా. “మీరే నిజాయితీగా ఒప్పుకున్నారు, అభినందించాలి. నిధులొస్తే మళ్ళీ మొదట్నించీ చేయిద్దాం.” ఫైలుకి తాడు కట్టేశారు. రెండో పేజీ ఎవరూ తిప్పలేదు.

“దేవుడు మనవైపున్నాడండి,” అన్నాడు ప్రెసిడెంటు గారు టీ తాగుతూ. ఆ ఒక్క మాట మాత్రం ఎవరూ నవ్వకుండా ఒప్పుకున్నారు.

మెట్లు దిగుతుంటే, “సార్, నేను నవ్వింది—” అని మొదలెట్టాను. ఆయన కుడి చెవి నా వైపే ఉంది. విన్నారు. “బస్సుందేమో చూడండి,” అన్నారు.

మూడు నెలల్లో స్థలాలు పంచారు. మాకూ వచ్చింది. వద్దందామా అని ఇంట్లో అన్నాను. “ఊరంతా తీసుకుంటే మనకేం వచ్చింది?” అంది మా ఆవిడ. నేను గట్టిగా అనలేదు. ఇరవై ఏళ్ళుగా అద్దె ఇంట్లో బిందె పట్టుకుని క్యూలో నిలబడ్డ మనిషికి ఏం గట్టిగా చెబుతాను?

పునాది తియ్యకముందు, ఒక ఆదివారం పొద్దున్న ఆయన వచ్చారు. ఎవరో కంట్రాక్టరునడిగి స్టాండు, సుత్తి రిక్షాబండి మీద వేయించుకొచ్చారు. వెంట సూరన్న. మా స్థలంలోనే, నడిమధ్యలో దింపించారు. నన్ను లెక్క పెట్టమనలేదు. తాడు పట్టుకోమన్నారు. తను కడ్డీకి ఎదురుగా, మోకాళ్ళ మీద వంగి, కళ్ళార్పకుండా నిలబడ్డారు.

“ఒకటి,” అన్నారు మొదటి దెబ్బకే. “రెండు.” గీత దిగింది. తర్వాతి గీతకీ రెండే. కిందికి పోయినకొద్దీ అంతే. కూడితే నాలుగు.

“నాలుగైనా ఎరుపేనాండీ?”

“ఎరుపేనండి.”

చెయ్యి కడుక్కున్నారు. పక్క స్థలాల్లో కొబ్బరికాయలు కొడుతున్నారు, ఇటుకలు దింపుతున్నారు. తర్వాత నాకు చెప్పాల్సింది చెప్పారు. పునాది ముక్కలు ముక్కలుగా కాకుండా ఇంటి కిందంతా ఒకే పలకగా పొయ్యమన్నారు. గోడలు తేలిక ఇటుకతో కట్టమన్నారు. ఎప్పటికీ ఒకటే అంతస్తు, పైన ఏమీ ఎక్కించొద్దన్నారు.

“వస్తుందంటారాండీ, భూకంపం?”

“రాకపోవచ్చండి. మన మనవల కాలానికి కూడా రాకపోవచ్చు. రాకూడదనే కోరుకోవాలి.” రుమాలు మడత పెట్టుకుంటూ అన్నారు: “మా పనిలో దరిద్రం అదేనండి. నేను చెప్పింది నిజమని తేలాలంటే మీరంతా మునగాలి. మీరు బాగున్నన్నాళ్ళూ నేను అబద్ధాలకోరునే.”

భోంచేసి వెళ్ళమంటే, వేరే ఊళ్ళో పనుందన్నారు. ఆయనకి అప్పటికి ఏ ఊళ్ళోనూ పని లేదని సూరన్న తర్వాత చెప్పాడు. రిక్షాబండి వెనక నడుచుకుంటూ పోయారు. మళ్ళీ చూళ్ళేదు.

పునాది ఒకే పలకగా పొయ్యమంటే మా మేస్త్రీ నన్ను ఎగాదిగా చూశాడు. ఈ కాలనీలో ఎవరూ అలా పొయ్యరండీ అన్నాడు. అందరూ పోసినట్టే నేనూ ముక్కలుగానే పోశాను. ఇన్నేళ్ళలో ఒక్క గోడ బీట తియ్యలేదు. తలుపు బిగిసింది లేదు, గచ్చు కుంగింది లేదు.

భీమడోలు నుంచి ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది. పక్కింటి మస్తాను వీధిలో ఇసక జల్లెడ పట్టిస్తున్నాడు. తివాచీలు నేస్తాడు మస్తాను. పెద్దకొడుక్కి పెళ్ళి కుదిరింది. కింద మగ్గం, పైన కొత్త కాపురం అని, పై అంతస్తు ఎత్తాడు.

“అన్నయ్య గారూ, గురువారం శ్లాబండి. మీరు దగ్గరుండాలి.”

అక్కడే, ఇసక కుప్ప పక్కన నిలబెట్టి అంతా చెప్పాను. సార్ సంగతి, చెరువు సంగతి, మా స్థలంలో వేసిన బోరు సంగతి. ఒక్క రవ్వ కలపలేదు. మస్తాను జల్లెడ ఆపించి మరీ విన్నాడు. అయ్యాక కళ్ళు తుడుచుకున్నాడు, నవ్వి నవ్వి.

“ఏం చెబుతారండీ మీరు! దేవుడి వాటా అన్నారు చూడండి, అక్కడ నేను నిజంగా నమ్మేశాను.”

“నిజం మస్తానూ.”

“అంతేనంటారా. మరి మీరు ఉంటూనే ఉన్నారు కదండీ ఇక్కడ?”

“ఉన్నాను.”

“ఏమన్నా అయిందాండీ?”

“అవలేదు.”

“మరింకేటండీ,” అన్నాడు మస్తాను, నన్ను ఓదార్చే గొంతుతో. జల్లెడ మళ్ళీ ఆడింది.

గురువారం పొద్దున్నే మిక్సరు వచ్చింది. మా కాలనీలో శ్లాబంటే ఎవరినీ పిలవక్కర్లేదు, వీధి వీధంతా వచ్చి నిచ్చెన పొడుగునా వరస కడుతుంది. నేనూ వరసలో నిలబడ్డాను. కిందివాడిచ్చిన గమేళా అందుకుని పైవాడికి అందించాను. మధ్యాహ్నం మస్తాను వాళ్ళావిడ అందరికీ సేమియా పంచింది. సాయంత్రం నాలుగింటికి శ్లాబు పూర్తయింది. మర్నాడు దాని మీద మడులు కట్టి నీళ్ళు నింపారు.

మా ఆవిడ మా గుమ్మంలో నిలబడి తలెత్తి ఆ మేడకేసి చాలాసేపు చూసింది.

“మనం ఎప్పుడు వేద్దామండీ?” అంది.

మేస్త్రీ ఎప్పుడు ఖాళీయో కనుక్కుంటానన్నాను.